పైపు మర చేసే రెండు పనులు

రెండు పైపులను మర బిగించి కలిపినప్పుడు ఆ అతుకు మీద రెండు బాధ్యతలు పెడుతున్నాం. లాగినా, వంచినా, తిప్పినా ఊడకూడదు. లోపల నీరున్నా గ్యాసున్నా చుక్క కూడా బయటికి రాకూడదు. గట్టిగా బిగిస్తే రెండూ వాటంతటవే కుదురుతాయని చాలామంది అనుకుంటారు. అసలు చిక్కు అక్కడే ఉంది. పట్టు నిలబెట్టే మర పన్ను ఆకారం వేరు, కారకుండా ఆపే ఆకారం వేరు. ఒకదాన్ని మెరుగుపరిస్తే రెండోది చాలాసార్లు దెబ్బతింటుంది. ఇంటి గోడలోని అరంగుళం పైపు మొదలు కోనసీమ కింద చమురు, గ్యాసు బావుల్లో కిలోమీటర్ల లోతుకు దిగే కేసింగ్ (బావి గోడ కూలకుండా దించే ఉక్కు పైపు) దాకా, పైపు మరలను రూపొందించినవాళ్లు పడ్డ పాట్లలో ఎక్కువ భాగం ఈ రెండు పనులనూ విడదీయడానికే.

అరంగుళం పైపులో ఏముంది

అరంగుళం జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపును ఎక్కడ కొలిచినా అరంగుళం కనిపించదు. బయటి వ్యాసం 21.3 మి.మీ. లోపలి రంధ్రం మీడియం క్లాసులో సుమారు 16 మి.మీ. లైట్, మీడియం, హెవీ అని గోడ మందం మారుతుంది గానీ బయటి వ్యాసం మారదు. మర కోసేది బయటివైపు కాబట్టి ఒకే డై అన్ని క్లాసులకూ సరిపోవాలి.

ఆ డై కోసే పన్ను వంశం 1841 నాటిది. జోసెఫ్ విట్‌వర్త్ ఇంగ్లండులో మరలన్నిటికీ ఒకే కొలత ఉండాలని ప్రతిపాదించిన సంవత్సరం అది. ఆయన చెప్పిన పన్ను కోణం 55 డిగ్రీలు. కొనా అడుగూ రెండూ గుండ్రంగా ఉండాలి. బ్రిటిష్ పైపు మర ఆ పన్నునే తీసుకుంది. మన ఐఎస్ 554 ప్రమాణం కూడా అదే బాట. అరంగుళం పైపుకు అంగుళానికి 14 పళ్లు పడతాయి. పన్నుకూ పన్నుకూ మధ్య దూరం 1.814 మి.మీ., పన్ను లోతు 1.16 మి.మీ.

ఈ చివరి అంకె దగ్గర కాస్త ఆగాలి. మీడియం క్లాసు అరంగుళం పైపు గోడ మందం 2.6 మి.మీ. అందులో 1.16 కోసేస్తే మిగిలేది 1.4 చిల్లర. లైట్ క్లాసు గోడ 2 మి.మీ. మాత్రమే. అక్కడ మర అడుగున మిగిలేది ఒక మిల్లీమీటరు కూడా కాదు. పైగా డై తిరిగిన మేర జింకు పూత లేచిపోయి పచ్చి ఇనుము బయటపడుతుంది. పాత ఇళ్లలో జీఐ పైపు చాలాసార్లు నడిమధ్యన కాకుండా సాకెట్ అంచున, మర బయటికి కనిపించే చోటే చిల్లు పడుతుంది. లోహం పలచబడింది అక్కడే, పూత పోయింది అక్కడే, పైపు వంగితే బరువు పడేది కూడా అక్కడే. పైపును కలపడానికి పైపునే కోసి బలహీనం చేయాల్సి రావడం మర అతుకుకు పుట్టుకతో వచ్చిన లోపం. ఈ లోపాన్ని ఎలా పూడ్చాలన్నది ముందు ముందు మళ్లీ ఎదురవుతుంది.

ఇక కారకుండా ఆపే సంగతి. ఈ మరకు 16కు 1 చొప్పున టేపర్ ఉంటుంది. అంటే పైపు పొడవునా 16 మి.మీ. వెనక్కి వచ్చేసరికి వ్యాసం ఒక మి.మీ. పెరుగుతుంది. చేతితో బిగిస్తే కొన్ని చుట్ల దాకా వదులుగా తిరిగి ఒకచోట పట్టేస్తుంది. అక్కడి నుంచి రెంచితో తిప్పే ప్రతి చుట్టుకూ పైపు 1.814 మి.మీ. లోపలికి వెళ్తుంది, వ్యాసంలో 0.113 మి.మీ. బిగుసుకుంటుంది. పైపు కాస్త నొక్కుకుపోతుంది, సాకెట్ కాస్త సాగుతుంది. పన్ను వాలుకు పన్ను వాలు గట్టిగా ఆనుతుంది.

ఇంత బిగిసినా కారడానికి దారి మిగిలే ఉంటుంది. వాలులు ఆనుకున్నా పన్ను కొనకూ ఎదుటి మర అడుగుకూ మధ్య వెంట్రుకవాసి ఖాళీ మిగులుతుంది. కోసే పనిముట్టు అరుగుతుంది, పైపు పూర్తి గుండ్రంగా ఉండదు, కొలతల్లో కొంత తేడాకు చోటివ్వక తప్పదు. అందుకే ఆ ఖాళీ. అది ఒక్కచోట ఉండే రంధ్రం కూడా కాదు, మరతో పాటే చుట్టలు తిరుగుతూ పోయే సన్నని సొరంగం. ఏడు చుట్లు పట్టిన అరంగుళం అతుకులో దాని పొడవు సుమారు 45 సెంటీమీటర్లు. నీరు ఓపిగ్గా ఆ దారంతా నడిచి బయటికి వస్తుంది. జనుము, నూలు దారం, పేస్టు, టెఫ్లాన్ టేపు వాడేది ఈ సొరంగాన్ని పూడ్చడానికే. టెఫ్లాన్ మరో పని కూడా చేస్తుంది. జారుడునిచ్చి అదే బలంతో ఇంకొంత లోపలికి తిరగనిస్తుంది. పైపు కొనను మన వైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టాలి. ఎదురు చుట్టిన టేపు బిగిస్తున్నకొద్దీ లేచి ముద్దవుతుంది.

అమెరికాలో దారి వేరుగా సాగింది. ఫిలడెల్ఫియాలో పనిచేసిన రాబర్ట్ బ్రిగ్స్ 19వ శతాబ్దంలో రూపొందించిన కొలతలే అక్కడి ఎన్‌పీటీ మరకు ఆధారం. అక్కడా టేపర్ 16కు 1. కానీ పన్ను కోణం 60 డిగ్రీలు. అరంగుళం, ముప్పావు అంగుళం సైజుల్లో రెండు దేశాల మరలకూ అంగుళానికి పళ్లు 14. అందుకే అమెరికా నుంచి తెచ్చిన అమరిక ఇక్కడి సాకెట్‌లోకి హాయిగా తిరుగుతుంది, గట్టిగా పట్టినట్టే అనిపిస్తుంది, ఆపైన కారుతుంది. వాలులు వేరు వేరు కోణాల్లో ఉన్నాయి కాబట్టి అవి పూర్తిగా ఆనవు, ఒక గీత వెంబడి మాత్రమే తాకుతాయి. ఒక అంగుళం సైజులో అయితే 11, 11.5 అని పళ్ల లెక్కే తేడా, కొన్ని చుట్లకే పట్టేస్తుంది. అది నయం, తప్పు అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ప్లాస్టిక్ సాకెట్ ఎందుకు చీలుతుంది

ఇనుములో పుట్టిన టేపర్ మరను యథాతథంగా ప్లాస్టిక్‌లోకి తేవడం నా దృష్టిలో ఇళ్ల ప్లంబింగ్‌లో జరిగిన పెద్ద పొరపాటు. టేపర్ అంటే చీల. ఇనుప నిప్పిల్‌ను (బయట మర ఉన్న చిన్న పైపు ముక్కను) పీవీసీ సాకెట్‌లోకి బిగించడమంటే ఎండు మొద్దులోకి చీల దింపినట్టే. ఇనుము సాకెట్ ఆ లాగుడును ఏళ్ల తరబడి భరిస్తుంది. ప్లాస్టిక్ మాత్రం నిలకడైన లాగుడు కింద మెల్లగా సాగుతూ పోతుంది, ఎండా వేడినీళ్లూ తగిలితే ఇంకా త్వరగా. బిగించిన రోజున చుక్క కారదు. నెలల తర్వాత ఒక రాత్రి సాకెట్ నిలువునా విచ్చుకుంటుంది. టెఫ్లాన్ ఎక్కువ చుట్టినకొద్దీ ఈ ముప్పు పెరుగుతుంది, ఎందుకంటే టేపు మందం కూడా చీలకు తోడవుతుంది, జారుడు వల్ల చేతికి బిగువు తెలియదు.

దీనికి జవాబు తేలికే. బయటి మర ప్లాస్టిక్‌ది, లోపలి మర లోహానిది అయ్యేలా అమర్చాలి. అప్పుడు ప్లాస్టిక్ నొక్కుకుపోతుందే తప్ప సాగదు. నొక్కుడుకు ప్లాస్టిక్ బాగా ఓర్చుకుంటుంది. తిరగేసి అమర్చక తప్పని చోట లోపల ఇత్తడి మర పోసిన అమరికలు దొరుకుతాయి, కుళాయి తగిలించే ఎల్బోలో అవే వాడాలి. నాలుగు రూపాయలు మిగులుతాయని అక్కడ వట్టి ప్లాస్టిక్ ఎల్బో పెడితే తర్వాత టైల్స్ పగలగొట్టాల్సి వస్తుంది.

గీజరుకు తగిలించే కనెక్షన్ పైపును చూడండి. దాని నట్టులో మరకు టేపర్ ఉండదు, నిటారుగా ఉంటుంది. లోపల ఒక రబ్బరు వాషర్ ఉంటుంది. మర పని వాషర్‌ను అదిమి పట్టుకోవడం, నీటిని ఆపేది వాషర్. అక్కడ మర మీద టేపు చుట్టినా ఒరిగేది లేదు, నీరు మర దాకా వచ్చిందంటే వాషర్ అప్పటికే ఓడిపోయినట్టు. ప్రమాణాలు కూడా ఈ తేడాను గుర్తించాయి. మర మీదే సీలు కుదరాల్సిన అతుకులకు ఐఎస్ 554, సీలు మరోచోట కుదిరే అతుకులకు ఐఎస్ 2643. ప్రపంచ ప్రమాణాల్లో ఐఎస్‌ఓ 7, ఐఎస్‌ఓ 228 ఇదే జంట. పట్టు ఒకచోట, సీలు మరోచోట అన్న ఆలోచన మన బాత్రూమ్‌లోనే ఉంది.

వెయ్యి అడుగుల బోరు

రాయలసీమలో బోర్లు వెయ్యి అడుగులు దాటడం వింత కాదు. అంటే 300 మీటర్ల పైమాట. అంత లోతున మోటారు దించితే పైపు అతుకుల మీద ఏం పడుతుందో లెక్కేద్దాం. మోటారును వేలాడదీసి నీటిని పైకి తెచ్చే కాలమ్ పైపు లోపలి వ్యాసం 50 మి.మీ. అనుకుందాం, అది 300 మీటర్ల పొడవున నిండితే అందులో నీటి బరువే సుమారు 590 కిలోలు. మోటారు, పంపు, కేబుల్, పైపుల సొంత బరువు దీనికి అదనం. బోరులో నీటిమట్టం అడుగుకు పడిపోయిన వేసవిలో ఈ బరువంతా పైనున్న మొదటి అతుకు మీదే వేలాడుతుంది. అడుగున ఉన్న అతుకు మీద బరువు తక్కువ, కానీ లోపలి పీడనం సుమారు 30 బార్. అంటే పై అతుకుకు పట్టు ముఖ్యం, కింది అతుకుకు సీలు ముఖ్యం. పైపులేమో అన్నీ ఒకే రకం, ఏది పైకి వస్తుందో ఏది కిందికి పోతుందో ఎవరూ చూడరు. కాబట్టి ప్రతి అతుకూ రెండింటికీ సిద్ధంగా ఉండాలి.

ఇక్కడ వాలు కోణం ముఖ్యమవుతుంది. పన్ను వాలుగా ఉంటే లాగుడులో కొంత భాగం పక్కకు తోసే బలంగా మారుతుంది. 60 డిగ్రీల పన్నులో ఒక్కో వాలు 30 డిగ్రీలు. రాపిడిని పక్కనపెడితే, టన్ను లాగుడుకు 577 కిలోల చొప్పున బలం సాకెట్‌ను బయటికి సాగదీస్తుంది, పైపును లోపలికి నొక్కుతుంది. ఇనుము అయితే తట్టుకుంటుంది. ప్లాస్టిక్ సాకెట్ ఉబ్బి, పన్ను మీద నుంచి పన్ను జారి, పైపు మోటారుతో సహా బోరులోకి పోతుంది. అందుకే యూపీవీసీ కాలమ్ పైపులకు చతురస్రపు పళ్లు పెట్టారు. వాలు లాగుడుకు అడ్డంగా నిలబడుతుంది, పక్కకు తోసే బలం దాదాపు ఉండదు. అలాంటి పన్ను నీటిని మాత్రం ఆపలేదు. ఆ పని రబ్బరు రింగుది. పట్టు చతురస్రపు మరది, సీలు రబ్బరుది. రైతు భుజాన మోసుకెళ్లే ఆ పైపులో ఉన్న ఆలోచన చమురు బావి ఇంజనీర్లు చాలా ఖర్చుపెట్టి చేరుకున్న ఆలోచనకు దగ్గరి చుట్టం.

మూడో బలం ఒకటుంది, చాలామంది మరిచిపోయేది. మోటారు స్టార్టయిన క్షణాన దాని ఒళ్లు ఎదురు దిశలో మెలితిరగబోతుంది. ఆ మెలి పైపుల మీదికి వస్తుంది. రోజుకు పదిసార్లు కరెంటు వచ్చిపోయే చోట పదిసార్లు ఈ కుదుపు తప్పదు. మర విప్పుకునే వైపు కుదుపు పడితే అతుకు కొద్దికొద్దిగా సడలుతుంది. కొన్ని కాలమ్ పైపుల్లో అతుకు తిరగకుండా లాకు పెట్టేది ఇందుకే. పాత జీఐ పైపులకు దీనికి సరిగ్గా ఎదురు కష్టం. తుప్పు పట్టి కప్లింగ్ (రెండు పైపులను కలిపే సాకెట్) పైపుతో ఒకటైపోయి, పైపులు పైకి లాగినప్పుడు రెండు రెంచీలు వేసి ఇద్దరు వేలాడినా విడదు.

కిలోమీటర్ల లోతులో

రాజమహేంద్రవరం కేంద్రంగా ఓఎన్‌జీసీ తవ్వే కృష్ణా-గోదావరి బేసిన్ బావుల్లో అంకెలు ఒక్కసారిగా పెరుగుతాయి. కేసింగ్ పైపు ఒక్కోటి సుమారు 12 మీటర్లు. నాలుగు కిలోమీటర్ల కేసింగ్ అంటే 330 పైచిలుకు అతుకులు. 9⅝ అంగుళాల పైపుల్లో బాగా వాడే ఒక రకం మీటరుకు 70 కిలోలు తూగుతుంది. మూడు కిలోమీటర్ల పొడవుకు 210 టన్నులు. దించేటప్పుడు బావిలో నిండి ఉన్న తవ్వకపు బురద కొంత తేల్చినా మిగిలిన బరువంతా పై అతుకు మోయాల్సిందే. దించి సిమెంటు పోశాక అతుకును మళ్లీ చూసే అవకాశం లేదు. ఇరవై, ముప్పై ఏళ్లు అది అక్కడే ఉండాలి.

అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) 1919లో ఏర్పడింది. పైపు మరల కొలతలను ఒక దారికి తేవడం దాని తొలినాళ్ల పనుల్లో ఒకటి. దాని గుండ్రటి పన్ను ఇప్పటికీ వాడుకలో ఉంది. అంగుళానికి 8 పళ్లు, 60 డిగ్రీల కోణం, టేపర్ అదే 16కు 1. గోడలోని పైపు పన్నుకు ఇది పెద్దన్న. కొనకూ అడుగుకూ మధ్య సొరంగం ఇక్కడా ఉంది, దాన్ని పూడ్చేది డోపు అనే లోహపు పొడి కలిపిన గ్రీజు. ఏపీఐ పాత సూత్రం ప్రకారం తయారైన డోపులో గ్రీజు బరువులో 36 శాతమే. మిగిలింది గ్రాఫైటు, సీసం పొడి, జింకు ధూళి, రాగి రేకులు. ఒక్క సీసమే 30.5 శాతం. మెత్తని లోహపు పొడి సొరంగంలో ఇరుక్కుని దారి మూసేస్తుంది. నూనెకూ నీటికీ ఇది సరిపోతుంది. గ్యాసు దగ్గర, అందులోనూ ఎక్కువ వేడిలో, గ్రీజు ఎండి కుంచించుకుపోతే మళ్లీ సొరంగం తెరుచుకుంటుంది.

పట్టు విషయంలోనూ గుండ్రటి పన్నుది అదే 30 డిగ్రీల కష్టం. లాగుడు పెరిగితే పన్ను తెగకముందే జారి, పైపు సాకెట్ నుంచి ఊడి వస్తుంది. దీనికి మందుగా బట్రెస్ పన్ను వచ్చింది. బరువు మోసే వాలు 3 డిగ్రీలే, దాదాపు నిటారు. దించేటప్పుడు తేలిగ్గా కూర్చోవడానికి అవతలి వాలు 10 డిగ్రీలు. అంగుళానికి 5 పళ్లు. టన్ను లాగుడుకు పక్కకు తోసే బలం 577 కిలోల నుంచి 52 కిలోలకు పడిపోయింది. పైపు ఒంటి వైపు పళ్లు క్రమంగా లోతు తగ్గి పైపు ఉపరితలంలో కలిసిపోతాయి. ఇది చిన్న విషయం కాదు. మరలో బరువు అన్ని పళ్లకూ సమానంగా పడదు, రెండు చివర్లలోని పళ్లు ఎక్కువ మోస్తాయి. పైపు మొత్తం బరువు మోస్తున్న చోటే లోతైన గాడి ఉంటే అక్కడే తెగుతుంది. పన్నును అక్కడ మెల్లగా మాయం చేస్తే గోడ మందం నిలుస్తుంది. అరంగుళం పైపు దగ్గర చూసిన లోపానికి ఇది ఒక జవాబు.

రెండో జవాబు పైపు కొనను ముందే ఉబ్బించి మందం చేసుకోవడం. నూనెనూ గ్యాసునూ పైకి తెచ్చే ఉత్పత్తి పైపుల్లో 2⅞ అంగుళాల జే55 రకం తీసుకుంటే, కొన ఉబ్బించకుండా మర కోసిన అతుకు బలం పైపు ఒంటి బలంలో 73 శాతం దగ్గర ఉంటుంది. కొన ఉబ్బించి కోస్తే పూర్తి బలం దక్కుతుంది. కానీ కొన ఉబ్బితే బయటి వ్యాసం పెరుగుతుంది, ఇరుకు రంధ్రంలో అది పట్టకపోవచ్చు. బావిలో చోటు ఖరీదైనది.

బట్రెస్ పట్టు బాగుంది, మరి సీలు? దిగజారింది. పన్ను సాఫీగా కూర్చోవాలంటే 10 డిగ్రీల వాలు వైపు ఖాళీ వదలాలి. ఆ ఖాళీ గుండ్రటి పన్ను సొరంగం కంటే వెడల్పు. 9⅝ సైజులో 20 చుట్లు పట్టాయనుకుంటే దాని పొడవు 15 మీటర్లు దాటుతుంది. అయినా గ్యాసుకు ఆ దూరం లెక్కలోది కాదు. ఒక పనికి మేలు చేసిన ఆకారం రెండో పనికి చేటు చేసింది.

ఇంకా గట్టిగా బిగిస్తే సీలు కుదరదా? కుదరకపోగా మరో చోట విరుగుతుంది. బట్రెస్ మరలో ఒక చుట్టు అంటే 5.08 మి.మీ. లోపలికి, వ్యాసంలో 0.3175 మి.మీ. బిగువు. 244.5 మి.మీ. పైపుకు ఇది వెయ్యిలో 1.3 వంతుల సాగుడు. ఉక్కులో అది పుట్టించే ఒత్తిడి 260 మెగాపాస్కల్. పైపు, కప్లింగ్ సగం సగం పంచుకున్నా ఒక్కోదాని మీద 130. ఎన్80 రకం ఉక్కు లొంగేది 552 దగ్గర. అంటే ఒక్క అదనపు చుట్టు దాని బలంలో పావు వంతును బిగింపుకే ఖర్చు పెట్టేస్తుంది. బావి బరువు, పీడనం ఇంకా మొదలవనే లేదు. హైడ్రోజన్ సల్ఫైడు ఉన్న బావిలో అయితే, చుట్టూరా సాగిన కప్లింగ్ గట్టి ఉక్కుదైతే పగులు పుట్టడానికి అదే చాలు. ఏపీఐ బట్రెస్ పైపు మీద ఒక చిన్న త్రిభుజం గుర్తు కొట్టడం ఇందుకే. కప్లింగ్ అంచు ఆ త్రిభుజం అడుగు దాకా వచ్చిందా లేదా అన్నది చూసి, కొరతా మించుడూ రెండూ పట్టుకుంటారు.

తవ్వకపు పైపులు వేరే దారి పట్టాయి. వాటిని బావిలోకి దించుతూ తీస్తూ వందలసార్లు బిగించి విప్పాలి. అందుకే మర ముతకగా, టేపర్ బాగా ఎక్కువగా ఉంటుంది. బాగా వాడే ఎన్‌సీ50 అతుకులో అంగుళానికి 4 పళ్లే, టేపర్ 6కు 1. పైపును నిలబెట్టగానే సగానికి పైగా లోపలికి జారుతుంది, కొన్ని చుట్లతో బిగుస్తుంది. సీలు మర మీద లేదు, రెండు పైపుల భుజాలు (మర పక్కన చదునుగా చెక్కిన అంచులు) ఎదురెదురుగా నొక్కుకునే చోట ఉంది. మర ఆ భుజాలను నొక్కి పట్టే స్ప్రింగు పని చేస్తుంది. లాగుడు ఆ నొక్కుడును మించితే భుజాలు విడిపోయి సీలు పోతుంది. అందువల్ల ఎంత టార్క్‌తో, అంటే ఎంత తిప్పుడు బలంతో, బిగించాలన్నది ఈ అతుకుకు ప్రాణం.

లోహానికి లోహమే సీలు

1960ల నడుమ ఫ్రాన్స్‌లో వాల్లూరెక్ తెచ్చిన వ్యామ్ అతుకుతోనూ, ఆ తరంలో వచ్చిన ఇతర అతుకులతోనూ కేసింగ్‌లో ఈ విడదీత పూర్తయింది. పరిశ్రమలో వీటిని ప్రీమియం అతుకులంటారు. మర బరువు మాత్రమే మోస్తుంది. పైపు కొన దగ్గర, పళ్లు అయిపోయాక, నున్నగా చెక్కిన ముక్కు ఒకటుంటుంది. అది సాకెట్ లోపల అంతే నున్నగా చెక్కిన గోడను ఒరుసుకుంటూ వెళ్లి నొక్కుకుంటుంది. ఆపైన భుజం తగిలి ఆగుతుంది. రబ్బరు లేదు, డోపు మీద ఆధారం లేదు. ముక్కుకూ గోడకూ మధ్య నొక్కుడు గ్యాసు పీడనం కంటే ఎక్కువున్నంతవరకూ గ్యాసు దాటలేదు. ముక్కు పలచన కాబట్టి లోపలి పీడనం పెరిగితే అదే ముక్కును బయటికి ఉబ్బించి సీలును మరింత నొక్కుతుంది.

ముక్కు ఆకారం మీద రూపకర్తల్లో ఎప్పటినుంచో రెండు పక్షాలున్నాయి. శంకువుకు శంకువు ఆనిస్తే తాకే పట్టీ వెడల్పుగా ఉంటుంది, చిన్న గీత పడినా సీలు నిలుస్తుంది. కానీ కోణంలో రవ్వంత తేడా వచ్చినా ఒక అంచునే ఆనుతుంది. గుండ్రటి ముక్కును శంకువుకు ఆనిస్తే వంకర టింకరలు సర్దుకుంటాయి, తాకే పట్టీ మాత్రం సన్నం, నొక్కుడు ఒకేచోట చేరి లోహం గీరుకుంటుంది. క్రోమియం 13 శాతం ఉన్న ఉక్కు ఇందులో మరీ మొండిది. ఒరుసుకున్న చోట అతుక్కుని చిరుగుతుంది. కప్లింగ్ లోపల రాగి పూత పూయడం, బిగించే వేగం తగ్గించడం దానికి ఉపాయాలు.

పన్ను కూడా మారింది. 3 డిగ్రీల వాలును సున్నా దాటించి అవతలికి, అంటే మైనస్ 3 డిగ్రీలకు తిప్పితే పన్ను కొక్కెంలా తయారవుతుంది. లాగినకొద్దీ సాకెట్ ఉబ్బడానికి బదులు పైపును పట్టుకుంటుంది. మరో తెగ పన్ను మొదట్లో సన్నగా ఉండి పోనుపోను వెడల్పవుతుంది. బిగించినకొద్దీ రెండు వాలులూ ఇరుక్కుని భుజం అవసరం లేకుండానే ఆగుతుంది. ఆ రకం చాలా ఎక్కువ మెలిని ఓర్చుకుంటుంది, అడ్డంగా తవ్విన బావుల్లో కేసింగ్‌ను తిప్పుతూ దించడానికి బాగా పనికొస్తుంది.

నొక్కుడు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అతుకు అనగానే అందరూ లాగుడు గురించే ఆలోచిస్తారు. సిమెంటులో బందీ అయిన కేసింగ్ వేడెక్కితే సాగడానికి చోటుండదు. వంద డిగ్రీల వేడి పెరిగితే ఉక్కులో 240 మెగాపాస్కల్ నొక్కుడు పుడుతుంది. బరువు మోసిన వాలు వదిలేసి పన్ను అవతలి వాలు వైపు జరుగుతుంది. అక్కడ ఖాళీ ఎక్కువుంటే మొత్తం నొక్కుడు భుజం మీద పడి ముక్కు నలుగుతుంది, బావి చల్లారినప్పుడు సీలు కారుతుంది. కెనడాలోని ఆల్బెర్టాలో బరువైన నూనెను కరిగించడానికి ఆవిరి పంపే బావుల్లో ఇలా వేడెక్కడం చల్లారడం చక్రంలా సాగుతుంది. అక్కడి అతుకులకు ఈ ఖాళీని ఎంత తగ్గిస్తే అంత మేలు. కానీ మరీ తగ్గిస్తే కోతలో వచ్చే చిన్న తేడాకే మర మధ్యలో పట్టేస్తుంది.

నాకు ఈ మొత్తం విద్యలో అన్నిటికంటే కష్టమనిపించేది ఇదే. కాగితం మీది అతుకు ఒకటే, కర్మాగారం నుంచి వచ్చేవి వేలు. ప్రతి కొలతకూ కొంత వెసులుబాటు ఇవ్వాలి. పైపు టేపర్ కాస్త తక్కువగా, సాకెట్ టేపర్ కాస్త ఎక్కువగా వచ్చి, సీలు బిగువు కనిష్ఠంగా ఉన్న జంట ఒకటి తప్పకుండా ఎక్కడో కలుస్తుంది. సీలు బిగువు గరిష్ఠంగా ఉన్న జంట కూడా కలుస్తుంది, అది గీరుకుపోతుంది. రూపకర్త గీయాల్సింది ఈ రెండు కొసలూ బతికే ఆకారం, సగటు జంటకు నప్పే ఆకారం గీస్తే చాలదు. ఐఎస్‌ఓ 13679 పరీక్షకు నమూనాలను కావాలనే ఈ కొసల మీద చెక్కించేది అందుకే. లాగుతూ, నొక్కుతూ, లోపలా బయటా పీడనం మారుస్తూ పరీక్షిస్తారు. అన్నిటికన్నా కఠినమైన స్థాయిలో గ్యాసు నింపి 180 డిగ్రీల దాకా వేడిచేసి చల్లారుస్తారు.

పరీక్ష నెగ్గిన అతుకు కూడా బావి తవ్వే రిగ్గు మీద మళ్లీ పరీక్షకు నిలబడాలి. పైపును పవర్ టాంగు అనే యంత్రపు రెంచి తిప్పుతుంటే చుట్టు లెక్కా టార్కూ తెర మీద గీతగా వస్తాయి. మొదట మర బిగువుతో గీత మెల్లగా లేస్తుంది. సీలు తాకాక వాలు కొంచెం పెరుగుతుంది. భుజం తగలగానే దాదాపు నిటారుగా లేస్తుంది. భుజం తగిలినప్పటి టార్క్ హద్దుల కంటే తక్కువుంటే సీలు బిగువు చాలలేదని, ఎక్కువుంటే డోపు ఎక్కువై లోపల ఇరుక్కుందనో లోహం గీరుకుందనో అనుమానించాలి. అంకె సరిపోయినా గీత ఆకారం వంకరగా ఉంటే ఆ అతుకును ఒప్పుకోరు. విప్పుతారు, డోపు తుడుస్తారు, సీలు మీద వేలు పెట్టి చూస్తారు. సీలు వెంట చుట్టూరా పోయిన సన్నని గీతను తయారీదారు ఇచ్చిన హద్దులకు లోబడి ఉంటే ఒప్పుకోవచ్చు. సీలుకు అడ్డంగా, లోపలి నుంచి బయటికి గీత పడి ఉంటే అది గ్యాసుకు దారి. ఆ పైపును పక్కన పెట్టి ఇంకోటి ఎత్తుతారు.